గోడ మీద రత్నం చెయ్యి

రేవుపేటలో వరహాలు అనే కుర్ర పెయింటరు ఉండేవాడు. వికారంగా కనబడేది ఏదైనా సరే, అది ఎంత నిజమైనా సరే, దాన్ని ఉన్నది ఉన్నట్టు గీయడానికి అతని చెయ్యి ఒప్పుకునేది కాదు.

లారీ వెనక పులిని గీయమంటే ఆ పులి కళ్ళకి కాటుక పెట్టేవాడు. పురుగుల మందు కొట్టువాళ్ళు పుర్రె బొమ్మ అడిగితే, ఆ పుర్రె కూడా ఎవరినో చూసి సిగ్గుపడుతున్నట్టు ఉండేది. ఒకసారి మెయిన్ రోడ్డులో ఒకాయన తన గేటుకి "కుక్క ఉన్నది జాగ్రత్త" అని బోర్డు రాయించుకున్నాడు. వరహాలు అక్షరాల పక్కన ఒక బొచ్చుకుక్కని గీశాడు. అది తల ఓ పక్కకి వాల్చి, నన్ను ఎత్తుకోవా అన్నట్టు చూస్తూ ఉండేది. పాలుపోసే అప్పన్న ఆ బొమ్మ చూసి ముచ్చటపడి గేటు సందులోంచి చెయ్యి లోపలికి పెట్టాడు. లోపల ఉన్నది బొమ్మలో కుక్క కాదు. పాపం అప్పన్న ఆస్పత్రి చుట్టూ తిరిగి సూదులు పొడిపించుకున్నాడు. ఊరంతా నవ్వింది. వరహాలు కూడా నవ్వాడు. ఆ రోజు నవ్వడం ఆపి కాసేపు ఆలోచించి ఉంటే, ఈ కథ ఇవాళ చెప్పుకోవలసిన అవసరమే ఉండేది కాదు.

వరహాలు మేనత్త కూతురు నూకరత్నం. సముద్రం పక్కన రొయ్యల షెడ్డులో రొయ్యలు ఒలిచే పని చేసేది. తండ్రి లేడు. తల్లి దాలమ్మకి చూపు ఆనదు. ఇల్లు నడిచేది రత్నం వేళ్ళ మీదే. ఐసు గడ్డల మధ్య నుంచి రొయ్యని అందుకుని, తల గిల్లి, పెంకు ఊడదీసి, వీపు మీద నల్లటి నరం లాగి పడేసి, మళ్ళీ ఇంకోటి అందుకునేది. ఆ వేళ్ళు ఆగడం ఎవరూ చూడలేదు. షెడ్డులో ఆమె పక్కన కూర్చున్న ఆడవాళ్ళు, "నీ చేతులకి మోటారు బిగించారేమిటే!" అనేవారు.

వరహాలుకి ఆ చేతులంటే ప్రాణం. షెడ్డు వదిలే వేళకి గోడ పక్కన సైకిల్ ఆపుకుని నిలబడేవాడు. ఆమె రాగానే అతనికి ఏవేవో మాటలు వచ్చేవి.

"రత్నం, నీ వేళ్ళు చూస్తే మల్లెమొగ్గలు గుర్తొస్తాయి," అనేవాడు.

"ఓసారి వాసన చూడు బావా, ఏ మొగ్గలో తెలిసిపోద్ది," అని ఆమె చెయ్యి అతని ముక్కు దగ్గర పెట్టేది.

రొయ్యల నీచు గుప్పుమనేది. అతను మొహం తిప్పుకోకుండా కళ్ళు మూసుకుని నవ్వేవాడు. ఆమెకి ఆ నవ్వు నచ్చేది. నచ్చినట్టు మాత్రం ఒప్పుకునేది కాదు. దసరా వెళ్ళాక పెద్దవాళ్ళు పెళ్ళి మాట కదుపుతారని ఇద్దరికీ తెలుసు.

ఆ ఊరి చివర రోడ్డు పక్కన భీమేశ్వరరావు గారి గోడౌను ఉండేది. కాస్టిక్ సోడా నీళ్ళు తెప్పించి, పెద్ద ట్యాంకులో నింపి, అక్కడి నుంచి సబ్బులు చేసేవాళ్ళకీ నూలుకి రంగులు వేసేవాళ్ళకీ డ్రమ్ముల్లో పోసి అమ్మేవాడు. ట్యాంకు కింద నడుం ఎత్తులో ఒక కుళాయి ఉండేది. ఆ కుళాయికి గొలుసు, తాళం. ట్యాంకు వెనక తెల్లటి గోడ. ఆ నీళ్ళు చూడటానికి మన బావి నీళ్ళలాగే ఉంటాయి. వాసన ఉండదు. పొగ రాదు. బుస్సుమని పొంగవు. చెడ్డ మనిషి పెద్దమనిషి బట్టలు కట్టుకుని వచ్చినట్టు, ఎంతో మర్యాదగా ఉంటాయి.

దసరా ముందు ఫ్యాక్టరీల తనిఖీకి ఒక ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. గోడౌను అంతా తిరిగి చూసి, తెల్లటి గోడ ముందు ఆగింది.

"ఇక్కడ గుర్తు ఏదండీ?" అంది.

"ఏం గుర్తమ్మా?" అన్నాడు భీమేశ్వరరావు గారు ఏమీ తెలియనట్టు.

ఆమె సంచిలోంచి ఒక అచ్చు కాగితం తీసింది. గాలిపటంలా నిలబెట్టిన చదరం, చుట్టూ ఎర్రటి అంచు. లోపల రెండు గాజు గొట్టాలు వంగి ఉన్నాయి. ఒకదాంట్లోంచి చుక్కలు ఇనుప పలక మీద పడుతున్నాయి, ఇంకోదాంట్లోంచి ఒక మనిషి చెయ్యి మీద పడుతున్నాయి. చుక్క పడిన చోటల్లా ఇనుము కరిగి గుంట పడింది. చెయ్యి కూడా అలాగే కరిగి గుంట పడింది.

"ప్రమాదకరమైన సరుకుని తరగతులుగా విడదీస్తారు. ఒకటి మండేది, ఒకటి పేలేది, ఒకటి విషం. ఇది తినేసే తరగతి. చర్మాన్ని, కంటిని, లోహాన్ని తినేస్తుంది. తినేవాటిలో కూడా మెట్లు ఉన్నాయి. కొన్ని గంటలు తీసుకుంటాయి, కొన్ని నిమిషాల్లో తినేస్తాయి. మీ ట్యాంకులో ఉన్నది నిమిషాల్లో తినేసే మెట్టు. అన్నిటికన్నా పైమెట్టు," అంది ఆమె.

భీమేశ్వరరావు గారు నవ్వాడు. చాలా మృదువుగా నవ్వే మనిషి ఆయన.

"తినేది అనడం ఎందుకమ్మా, వినడానికే అదోలా ఉంది. కాస్త దురద పెట్టేది అని రాయిస్తే సరిపోదూ? దురద పెట్టేవాటికి కూడా మీ దగ్గర ఒక తరగతి ఉంటుంది కదా, ఆశ్చర్యార్థకం బొమ్మ వేసి?"

"ఇది సంతలో వంకాయల బేరం కాదండీ, రెండు మెట్లు తగ్గించుకోడానికి," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "మీరు దురద అని రాసినంత మాత్రాన అది దురదతో ఆగదు."

అప్పటికి వరహాలు లారీ మీద లక్ష్మీదేవికి రంగులు వేస్తూ అక్కడే ఉన్నాడు. ఆమె అతన్ని పిలిచి కాగితం చేతికిచ్చింది.

"నువ్వేనా పెయింటరువి? ఇది ఉన్నది ఉన్నట్టు దించు. ఒక్క గీత మార్చకు. కింద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయి. ఎవరి మీదైనా పడితే నీళ్ళు, నీళ్ళు, నీళ్ళు. ఇంకేమీ రుద్దకూడదు, పూయకూడదు. అర్థమైందా?"

"అర్థమైందమ్మా. ఉన్నది ఉన్నట్టే గీస్తాను," అన్నాడు వరహాలు. మాట ఇచ్చాడు.

ఆమె జీపు మలుపు తిరిగిందో లేదో, భీమేశ్వరరావు గారు అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"వరహాలూ, ఆయుధపూజ రోజు మన గేటు తెరిచి ఊరివాళ్ళని పిలుస్తాం. ప్రసాదాలు పెడతాం. పెద్దవాళ్ళు వస్తారు. ఆ కుళ్ళిపోయిన చెయ్యి గోడ మీద కనబడితే ఎలా ఉంటుంది చెప్పు? పండగ పూట అశుభం కాదూ?"

"అవునండీ. చూస్తేనే ఒళ్ళు జలదరిస్తోంది," అన్నాడు వరహాలు. ఆ మాట అతని మనసులోంచే వచ్చింది.

"బొమ్మ వెయ్యకపోతే ఆవిడ ఊరుకోదు. వేద్దాం. గొట్టాలు, చుక్కలు, చెయ్యి, అన్నీ ఉండాలి. కాకపోతే కాస్త చూడముచ్చటగా వెయ్యి. కళాకారుడివి, నీకు నేను చెప్పాలా? అక్షరాలు ఇంగ్లీషులో, చిన్నగా, మూలకి రాయి."

"తెలుగులో రాయమన్నారు కదండీ?"

"తెలుగులో రాస్తే అందరూ చదివేస్తారయ్యా!" అన్నాడు ఆయన.

ఈ మాట ఒకసారి మళ్ళీ చదవండి. హెచ్చరిక రాయాలి, కానీ ఎవరూ చదవకూడదు! ఈ మాట అన్నది రౌడీ కాదు, దొంగ కాదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నుదుట గంధం బొట్టు పెట్టుకుని, రోజూ చీమలకి పంచదార చల్లే మనిషి అన్నాడు. విన్నవాడికి ఒళ్ళు మండాలి. వరహాలుకి మండలేదు. కళాకారుడివి అన్న మాట దగ్గరే అతని చెవులు ఆగిపోయాయి.

మర్నాడు అతను గోడ ముందు నిచ్చెన వేసుకున్నాడు. ముందు గాజు గొట్టాలు గీశాడు. వాటిని వెండి కొమ్ముచెంబుల్లా వంపు తిప్పాడు. ఇనుప పలక మొరటుగా ఉందని వదిలేశాడు. చుక్కలని ముత్యాల్లా మెరిపించాడు. ఇక చెయ్యి మిగిలింది. కాగితంలోని చేతిని చూశాడు. ఆ గుంటల వంక చూడలేక కళ్ళు మూసుకున్నాడు. మూసుకోగానే రత్నం చెయ్యి కనబడింది.

అంతే, అతని బ్రష్షు ఎగిరి గంతేసింది. సన్నటి మణికట్టు, దాని మీద రెండు ఆకుపచ్చ గాజులు, చూపుడు వేలి మీద రొయ్య ముల్లు గుచ్చుకున్న చిన్న మచ్చ, గోరింటాకు పండిన గోళ్ళు. అరచేతిని కాస్త గుంటగా, పైకి చాచినట్టు గీశాడు. ముత్యాల చుక్కలు ఆ గుంటలో పడుతున్నాయి. ఎక్కడా గాయం లేదు, ఎక్కడా కరగలేదు. అక్షరాలు మూలకి, ఇంగ్లీషులో, చిన్నగా రాశాడు. నిచ్చెన దిగి దూరంగా వెళ్ళి చూసుకుంటే, అతనికే కళ్ళు చెమర్చాయి.

ఆ బొమ్మ చూసిన ఏ తెలుగువాడికైనా ఒక్కటే తోస్తుంది. గుడిలో పూజారి ఉద్ధరిణెతో తీర్థం పోస్తున్నాడు, ఎవరో భక్తితో చెయ్యి పట్టారు. మన చేతులకి చిన్నప్పటి నుంచి తెలిసిన భంగిమ అది. దాహమైనా, తీర్థమైనా మనం చెయ్యి అలాగే పడతాం. ఈ సంగతి వరహాలుకి తట్టనే లేదు.

భీమేశ్వరరావు గారు చూసి, "భేష్! ఇప్పుడు గోడకి కళ వచ్చింది," అన్నాడు.

ఆ సాయంత్రం షెడ్డు దగ్గర వరహాలు రత్నంతో చెప్పాడు.

"నీ చెయ్యి గోడ మీద వేశాను. నీ గాజులతో సహా."

"ఎవరి గోడ మీద? ఊరందరూ చూస్తారేటి? సిగ్గులేదూ నీకు?"

"ఆయుధపూజ రోజు రా, చూద్దువుగాని. నేను గేటు దగ్గరే ఉంటాను."

"చేతికి బదులు మొహం వేసీసుంటే బాగుండును," అని ఆమె మూతి తిప్పుకుంది. కానీ ఆ రాత్రి తల్లికి అన్నం పెడుతూ, అడక్కుండానే ఆ సంగతి చెప్పేసింది. ముసలమ్మ కూతురి చెయ్యి తడిమి, "వెర్రి నాయన. ఉన్న చేతినే గీశాడా, లేనిదేమైనా కలిపాడా?" అని నవ్వింది.

ఆయుధపూజ రోజు గోడౌను పెళ్ళిపందిరిలా ఉంది. తూకం మిషన్లకి పసుపు రాశారు. కొత్త లారీని పైపుతో కడిగి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ట్యాంకుకి కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండలు చుట్టారు. కుళాయికి ఉన్న గొలుసు, తాళం దండకి అడ్డం వస్తున్నాయని భీమేశ్వరరావు గారే తీయించేశాడు. కుళాయికి కూడా ఒక బొట్టు పెట్టారు. కాపలాదారుని కార్లు చూసుకోమని రోడ్డు మీదికి పంపేశారు.

ఊరివాళ్ళు వచ్చారు. పులిహోర, శనగలు ఆకు దొన్నెల్లో పంచారు. రొయ్యల షెడ్డు ఆడవాళ్ళు పని నుంచి నేరుగా గుంపుగా వచ్చారు. రత్నం ఆకుపచ్చ గాజులు వేసుకుని వచ్చింది. వరహాలు గేటు దగ్గర పెద్దమనుషులకి గంధం పూస్తూ, దూరం నుంచే ఆమెకి గోడ చూపించాడు.

ఆమె దొన్నె పట్టుకుని గోడ ముందు నిలబడింది. పక్కనున్న గంగమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

"ఓలమ్మా, ఇది నీ చెయ్యే కాదేటే! మచ్చతో సహా వేసీసాడు నీ బావ!"

"పిచ్చోడు," అంది రత్నం. ఆమె మొహం మాత్రం బంతిపూలకన్నా వెలిగిపోతోంది.

పులిహోర తినేశారు. చేతులకి నూనె, పసుపు, వాటి కింద పొద్దుటి రొయ్యల నీచు. చెయ్యి కడుక్కోవాలి. ఎదురుగా పూలదండ వేసిన కుళాయి ఉంది. దాని పైన గోడ మీద తన చెయ్యే ఉంది, చక్కగా నీళ్ళు పట్టుకుంటూ. ఇంతకన్నా ఏం చెప్పాలి ఒక మనిషికి? రత్నం అరచెయ్యి గుంటగా చేసి, కుళాయి తిప్పింది.

నీళ్ళు చిక్కగా జారాయి. రుద్దుకుంటే నున్నగా, మెత్తగా ఉంది. నీచంతా వదిలిపోయింది.

"సబ్బు నీళ్ళు పెట్టించారే! పెద్దింటి మర్యాదంటే ఇదీ," అని నవ్వుతూ గంగమ్మ వైపు తిరిగింది. "రా, నువ్వూ కడుక్కో."

గంగమ్మ చెయ్యి చాపింది. ఆమె వెనక చంటిపిల్లని ఎత్తుకుని ఇంకొకామె నిలబడింది. సరిగ్గా అప్పుడే రత్నం అరచేతిలో వేడి పుట్టింది. మొదట గోరువెచ్చగా, తర్వాత నిప్పు పట్టుకున్నట్టు. ఆమె చెయ్యి విదిలించలేదు. ముందు కుళాయి కట్టేసి, దానికి అడ్డంగా నిలబడి కేక పెట్టింది.

"ముట్టుకోకండి! ఎవరూ ముట్టుకోకండి! ఇవి నీళ్ళు కావు!"

ఆ కేకకి సన్నాయి ఆగిపోయింది. వరహాలు గంధం గిన్నె వదిలేసి పరిగెత్తాడు.

నలుగురూ మూగారు. ఒకడు లారీ చక్రం కింద నిమ్మకాయ లాగి, "పులుపు రాస్తే విరిగిపోద్ది, రుద్దండి!" అన్నాడు. ఇంకొకామె పసుపు తెచ్చింది. భీమేశ్వరరావు గారు వేగంగా వచ్చి, ఆ మృదువైన గొంతుతోనే అన్నాడు.

"అతిథుల ముందు గోల చెయ్యకండి. లోపలికి తీసుకెళ్ళండి. ఏమీ కాదు, కాస్త దురద పెడుతుంది, అంతే."

వరహాలుకి ఇన్‌స్పెక్టరమ్మ గొంతు వినబడింది. నీళ్ళు, నీళ్ళు, నీళ్ళు. నిమ్మకాయని ఒక్క తోపు తోశాడు. లారీ కడిగిన పైపు లాక్కొచ్చి, రత్నం చేతి మీద ధారగా వదిలాడు. పూజ చేసిన పసుపు కొట్టుకుపోయింది, ముగ్గు కొట్టుకుపోయింది, ఆమె మణికట్టు మీద గాజులు తీయబోతే పగిలిపోయాయి. ఆటో వచ్చేదాకా అతను ధార ఆపలేదు. ఆమె పళ్ళు కరుచుకుని గోడ వంకే చూస్తూ ఉంది. గోడ మీద చెయ్యి గాయం లేకుండా నవ్వుతోంది.

ఆస్పత్రిలో డాక్టరు చెయ్యి చూసి తల ఊపాడు.

"నీళ్ళు పోశారు కాబట్టి చెయ్యి మిగిలింది. లేకపోతే ఎముక దాకా పోయేది. ఆలస్యంగా నొప్పి తెలుస్తుంది, అదే దీనితో వచ్చిన చిక్కు."

"సబ్బులా జారిందండీ," అంది రత్నం. "అందుకే రుద్దుకున్నాను."

"అది సబ్బు జారుడు కాదమ్మా," అన్నాడు డాక్టరు. "నీ చర్మంలో ఉన్న కొవ్వే సబ్బుగా మారిపోతూ జారింది."



కట్టు విప్పేసరికి కార్తీకం వచ్చేసింది. అరచెయ్యి ముడతలు పడి, నిగనిగలాడుతూ, మధ్యలో గుంటలు తేలింది. రెండు వేళ్ళు లోపలికి వంగిపోయాయి. ఆ చేతితో రొయ్య తల గిల్లడం కుదరదు. షెడ్డువాళ్ళు ఐసు మోసే పని ఇస్తామన్నారు. దాలమ్మ కూతురి చెయ్యి తడిమి తడిమి చూసింది. ఆమె తిట్టి ఉంటే వరహాలు కొంత ఊపిరి పీల్చుకునేవాడు.

భీమేశ్వరరావు గారు యాపిల్ పళ్ళు పట్టుకుని వచ్చాడు.

"జరిగినదానికి బాధగానే ఉంది. కానీ అమ్మా, బోర్డు ఉంది కదా. చూసుకోవాలి కదా," అన్నాడు.

చూశారా! గొలుసు తీయించిన చెయ్యి ఆయనది. అక్షరాలు దాచిన నోరు ఆయనది. చూసుకోవలసింది మాత్రం రత్నం! రత్నం ఆ సంచిని ఎడమచేత్తో గుమ్మం బయట పెట్టింది.

"బోర్డు చూసే కడుక్కున్నానండీ. చూడకపోయుంటే ఇంటికెళ్ళి కడుక్కుందును," అంది.

ఆయన వెళ్ళిపోయాడు. మూల కూర్చున్న వరహాలు లేచి వచ్చాడు.

"ఆయనే అలా గీయమన్నాడు రత్నం. గుంటలు వద్దన్నాడు. లేకపోతే నేను..."

"ఆయన వద్దన్నాడు. నీ చెయ్యి ఏమయ్యింది?" అని నిలదీసింది. "ఆయనకి సరుకు మీద ప్రేమ, అందుకని అబద్ధం చెప్పాడు. నీకు నా మీద ప్రేమ కదా? నా చెయ్యి అంత అందంగా గీసి, ఆ చేతితోనే నన్ను పిలిచావు కదా బావా! నా వెనక గంగమ్మ ఉంది. దాని వెనక చంటిపిల్ల ఉంది. ఆ పిల్ల మొహం కడిగీసుంటే?"

అప్పన్నని కరిచిన కుక్క, బోర్డు మీద తల వాల్చుకున్న కుక్కపిల్ల, రెండూ ఒక్కసారి వరహాలు కళ్ళ ముందుకొచ్చాయి. అందరితో కలిసి తను నవ్విన నవ్వు చెవుల్లో వినబడింది. అతనికి తన మీద తనకే అసహ్యం పుట్టింది.

ప్రమాదం సంగతి తెలిసి ఇన్‌స్పెక్టరమ్మ మళ్ళీ వచ్చింది. కుళాయికి సీలు వేసింది. భీమేశ్వరరావు గారి మీద కేసు పెట్టింది. వరహాలు దాచుకోకుండా ఎదురెళ్ళి, తను మాట తప్పిన సంగతి, ఎవరు ఏమన్నదీ, ఎలా గీసిందీ మొత్తం సాక్ష్యం చెప్పాడు. ఆమె అతన్ని తిట్టలేదు. అదే అచ్చు కాగితం ఇంకోటి తీసి ఇచ్చింది. వరహాలు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే నిచ్చెన, డబ్బాలు మోసుకుని గోడ దగ్గరికి వెళ్ళేసరికి రత్నం అక్కడ ఉంది. ఒక స్టూలు మీద కూర్చుని, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"నువ్వెందుకొచ్చావు?" అన్నాడు వరహాలు.

"నీ మీద నమ్మకం లేక," అంది. "మళ్ళీ కళ్ళు మూసుకుంటావు. మూసుకుంటే నా పాత చెయ్యే కనబడద్ది నీకు. ఇదిగో, ఇప్పటి చెయ్యి. చూసి గీయి. ఒక్క గుంట తగ్గినా నిచ్చెన లాగీస్తాను."

ఆమె చెయ్యి చాపింది. అతను సున్నం తీసుకుని ముందు పాత బొమ్మని చెరిపాడు. ఆకుపచ్చ గాజులు పోయాయి, గోరింటాకు పోయింది. తర్వాత కాగితం చూస్తూ, ఆమె చేతిని చూస్తూ గీశాడు. వంగిన గొట్టం, పడే చుక్క, కరిగిన ఇనుము, కరిగిన అరచెయ్యి. అతను బ్రష్షు దించినప్పుడల్లా, "ఆపకు," అనేది రత్నం. కన్నీళ్ళు తుడుచుకోడానికి అతను ఆగితే, "ఏడుపు తర్వాత. గుంట చిన్నదైంది, పెద్దది చెయ్యి," అనేది. కింద తెలుగులో, రోడ్డు అవతల నుంచి కూడా కనబడేటంత పెద్దగా రాశాడు: "ఇవి నీళ్ళు కావు. ఒంటిని తినేస్తాయి. ముట్టుకోవద్దు. పడితే వెంటనే నీళ్ళతో కడుగుతూనే ఉండండి."

భీమేశ్వరరావు గారు కారు దిగి చూసి నెత్తి పట్టుకున్నాడు.

"ఇంత ఘోరంగానా! చూసినవాళ్ళు భయపడిపోరూ?"

"భయపడాలనే కదండీ," అన్నాడు వరహాలు నిచ్చెన దిగకుండానే. జీవితంలో మొదటిసారి అతని గొంతులో నిప్పు ఉంది. "ఇది గోడకి కళ కోసం వేసింది కాదు. మీకు వికారంగా ఉంటే కళ్ళు మూసుకోండి. ఈ బొమ్మ మాత్రం ఇలాగే ఉంటుంది."

అదే సమయానికి పక్క బడి పిల్లలు రోడ్డు మీద వెళుతున్నారు. వాళ్ళలో ఒక చిన్నపిల్ల గోడ చూసి, "బాబోయ్!" అని రెండు చేతులూ వీపు వెనక దాచేసుకుంది. మిగతావాళ్ళు కూడా ట్యాంకుకి దూరంగా, రోడ్డు అవతలి అంచుకి జరిగి నడిచారు.

ఆ పిల్ల దాచుకున్న చేతుల వంక రత్నం చాలాసేపు చూసింది.

"ఇప్పుడు బాగుంది బావా," అంది. "నువ్వు గీసిన వాటిలో ఇదే అందమైనది."

అతను నిచ్చెన దిగి ఆమె ముందు నిలబడ్డాడు. పెళ్ళి మాట ఎత్తాలని నోటి దాకా వచ్చింది. ఆమె ముందే కనిపెట్టి చేత్తో ఆపింది, ఆ వంకర వేళ్ళ చేత్తోనే.

"ముందు ఆ కుక్క బోర్డు మార్చి రా. కోరలతో గీయి. తర్వాత మా అమ్మ దగ్గరికి వచ్చి అడుగు."

వరహాలు డబ్బాలు సైకిల్‌కి తగిలించుకుని మెయిన్ రోడ్డు వైపు బయలుదేరాడు. రేవుపేటలో ఇప్పుడు అతను వేసే పులులకి కాటుక ఉండదు, పుర్రెలు సిగ్గుపడవు. ప్రమాదాన్ని ముద్దుగా చూపించి అడిగినవాడి మెప్పు పొందడం కళ కాదు, చూసినవాడికి చేసే ద్రోహం; మనం ప్రేమించేవాళ్ళు క్షేమంగా ఉండాలంటే, భయపడవలసినదాన్ని భయపడేలాగే, వాళ్ళ భాషలో, ఉన్నది ఉన్నట్టు చెప్పి తీరాలి.